టూరు తిరిగే రాక్ బ్యాండు ఏయే వాద్యాలు, పరికరాలు వెంట తీసుకెళ్లాలి? వేటిని అద్దెకు వదిలేయాలి?

ఆరోతీగ

అందరికీ నమస్కారం. మాది అయిదుగురు సభ్యుల రాక్ బ్యాండు. ఇద్దరు గిటారు వాయిస్తారు, వారిలో ఒకామె మా ప్రధాన గాయని. తక్కినవారు బేస్, కీబోర్డు, డ్రమ్స్ చూసుకుంటారు. ఇంతకాలం అలవాటైన వేదికల మీదే సొంత సామగ్రితో వాయిస్తూ వచ్చాం. ఇప్పుడు మొదటిసారిగా పలు దేశాల్లో వరుస కచేరీలు కుదిరాయి. కొంత దూరం వ్యానులో, కొంత దూరం విమానంలో వెళ్లాలి. వేదికలు చూస్తే చిన్న క్లబ్బుల దగ్గర నుంచి ఆరుబయట జరిగే పెద్ద ఉత్సవాల దాకా ఉన్నాయి.

సామగ్రి విషయంలో మాలో మాకే పొసగడం లేదు. లీడ్ గిటారిస్టు తన వంద వాట్ల వాల్వ్ ఆంప్, నాలుగు స్పీకర్ల క్యాబినెట్ లేకుండా స్టేజీ ఎక్కనని భీష్మించుకు కూర్చున్నాడు. కీబోర్డు వాయించే ఆవిడేమో ఆంప్‌లన్నీ ఇంట్లో వదిలేసి డిజిటల్ మోడలర్లతో (ఆంప్ నాదాన్ని అనుకరించే పరికరాలతో) వెళ్దామంటోంది. డ్రమ్మరు ఏది ఇస్తే అది వాయిస్తానంటున్నాడు గానీ, ఆ మాట నమ్మవచ్చో లేదో తెలియడం లేదు. ఏవి వెంట తప్పక ఉండాలి, ఏవి అక్కడే అద్దెకు తీసుకోవచ్చు, ఏ పరికరం దగ్గర ముందుజాగ్రత్త ఎక్కువ అవసరం అన్నది టూర్లు తిరిగినవారు చెప్తే మేలు చేసినవారవుతారు.

తీగల మరమ్మతు

ఆరోతీగ గారూ, గిటారు టెక్నీషియన్‌ని కనుక ముందు ఆంప్ తగాదా సంగతి చెప్తాను. మీ వ్యానులో సగం జాగా తినేది అదే. నేను పాటించే లెక్క సులువైనది. వాయించేవారి ఒంటికి తగిలే వస్తువు సొంతదై ఉండాలి, గాలిని కదిలించే వస్తువు అద్దెదైనా ఫరవాలేదు. గిటారు, పెడల్ బోర్డు, స్నేర్, సింబల్స్, కిక్ పెడల్, మైకు మొదటి కోవలోకి వస్తాయి. స్పీకర్ క్యాబినెట్లు, డ్రమ్ముల పెద్ద డొల్లలు, హాలంతటికీ శబ్దం అందించే స్పీకర్ వరుసలు రెండో కోవలోకి వస్తాయి.

అసలు వంద వాట్ల ఆంప్ పుట్టిన అవసరమే వేరు. 1960లలో హాళ్లలోని సౌండ్ వ్యవస్థ గాయకుల గొంతుకే చాలీచాలకుండా ఉండేది. గిటారు, బేస్ చివరి వరుస దాకా వినబడాలంటే ఆంప్ ఒక్కటే దిక్కు. 1965 ఆగస్టులో న్యూయార్కులోని షియా స్టేడియంలో బీటిల్స్ 55,000 మందికి పైగా ప్రేక్షకుల ముందు వాయించినప్పుడు వెంట వంద వాట్ల వాక్స్ ఆంప్‌లు ఉన్నాయి, అయినా కేకల హోరులో తాము వాయిస్తున్నది తమకే వినబడలేదు. ఇంచుమించు ఆ రోజుల్లోనే ద హూ బృందం పోరు పడలేక లండన్‌లో జిమ్ మార్షల్ వంద వాట్ల హెడ్డు (స్పీకర్లు విడిగా ఉండే ఆంప్ పెట్టె) తయారు చేశాడు. ఇప్పుడు హాలుకు శబ్దం పంచే బాధ్యత పైన వేలాడే లైన్ అరేలది, అంటే స్పీకర్ వరుసలది. స్టేజీ మీది ఆంప్ ముందు ఒక మైకు పెడితే చాలు, తక్కిన పని సౌండ్ ఇంజనీరు చూసుకుంటాడు. కాబట్టి మీ గిటారిస్టుకు ఆ ఆంప్‌తో ఉన్న అవసరం దాని నాదం కోసం, చేతికి అది బదులిచ్చే తీరు కోసం. చప్పుడు కోసం కాదు.

ఇక్కడ ఇంకో విషయం చూడాలి. వంద వాట్లకూ యాభై వాట్లకూ మధ్య ఉన్న తేడా మూడు డెసిబెల్స్ మాత్రమే, చెవికి అది కాస్త పెరిగిందనిపించే పాటిది. పైగా వాల్వ్ ఆంప్ అసలు రుచి దాని పవర్ వాల్వులను బాగా శ్రమ పెట్టినప్పుడే బయటపడుతుంది. చిన్న క్లబ్బులో వంద వాట్ల హెడ్డును అంత దూరం తిప్పితే ముందు వరుసవాళ్లు లేచిపోతారు. తిప్పకపోతే దాన్ని మోసుకొచ్చిన ప్రయోజనమే నెరవేరదు. క్వీన్ గిటారిస్టు బ్రయన్ మే స్టేడియాలలో సైతం వాయించింది ముప్పై వాట్ల వాక్స్ ఏసీ30 ఆంప్‌లతోనే అని మీవాడికి ఒకసారి గుర్తు చేయండి.

బరువు సంగతీ చూడండి. మార్షల్ నాలుగు స్పీకర్ల క్యాబినెట్ ఒక్కటే 36 కిలోల చిల్లర ఉంటుంది. విమానాల్లో ఒక పెట్టెకు మామూలుగా ఇచ్చే పరిమితి 23 కిలోలు, అదనపు రుసుము కట్టినా చాలా సంస్థలు 32 దాటనివ్వవు. బేస్ ఆంప్ మరీ దారుణం: 1969లో వచ్చిన యాంపెగ్ ఎస్‌వీటీ మూడు వందల వాట్లది, దాని హెడ్డే 35 కిలోలు దాటుతుంది, ఎనిమిది స్పీకర్ల క్యాబినెట్ 60 దాటుతుంది. అదృష్టవశాత్తూ అద్దె సంస్థల దగ్గర అన్నిటికంటే తేలికగా దొరికేవీ ఇవే: మార్షల్ హెడ్డు, ఫెండర్ ట్విన్, వాక్స్ ఏసీ30, యాంపెగ్ ఎస్‌వీటీ. టెక్నికల్ రైడర్‌లో (వేదికవారికి ముందే పంపే సామగ్రి జాబితాలో) మోడల్ పేరు రాసి, అది లేకపోతే దానికి ప్రత్యామ్నాయం ఏమిటో కూడా రాయండి. ఉత్తినే మంచి వాల్వ్ ఆంప్ కావాలి అని రాస్తే, వారి దృష్టిలో మంచిదేదో అదే మీకు దొరుకుతుంది.

మీవాడు మరీ పట్టుబడితే మధ్యేమార్గం ఒకటుంది. హెడ్డును ఫ్లైట్ కేసులో వెంట తెచ్చుకుని, క్యాబినెట్ మాత్రం అద్దెకు తీసుకోవచ్చు. అప్పుడు హెడ్డు వెనక ఉన్న ఓమ్‌ల (విద్యుత్ నిరోధం కొలత) స్విచ్చు, క్యాబినెట్ మీద రాసి ఉన్న ఓమ్‌లు సరిపోలాయో లేదో ప్రతి సాయంత్రం ఒకరు కళ్లారా చూడాలి. రెంటినీ కలిపేది స్పీకర్ కేబులే కావాలి, గిటారు కేబుల్ పనికిరాదు. స్పీకర్ తగిలించకుండా వాల్వ్ హెడ్డును వాయిస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

మోడలర్ మీద నాకు పట్టింపేమీ లేదు. అది విమానం క్యాబిన్‌లో పడుతుంది, ఏ ఊళ్లోనైనా ఒకే నాదం ఇస్తుంది. అయితే గిటారిస్టు ఆంప్ ఎదుట నిలబడి ఒక స్వరాన్ని సాగదీసేటప్పుడు స్పీకర్ తోసిన గాలి తీగలకు తగిలి ఆ స్వరాన్ని నిలబెడుతుంది. మోడలర్ నుంచి నేరుగా మిక్సర్‌కు తీగ లాగి, చెవిలో మానిటర్ (తమ వాయింపు తమకు వినిపించే చిన్న స్పీకర్) పెట్టుకుని వాయించేవారికి ఆ సాయం అందదు. అలాంటి వాయింపు మీ పాటల్లో ఉంటే, మోడలర్‌కు చిన్న పవర్ ఆంప్ జోడించి అద్దె క్యాబినెట్‌కు కలపండి. ఏ దారి ఎంచుకున్నా ప్రీసెట్లను రెండు పెన్ డ్రైవ్‌లలో దాచి, వాటిని ఇద్దరి జేబుల్లో విడివిడిగా ఉంచండి.

గిటార్ల లెక్క శ్రుతిని బట్టి వేయాలి. మామూలు శ్రుతికి ఒకటి, అర్ధస్వరం దించిన శ్రుతికి ఒకటి, ఓపెన్ జీకి ఇంకొకటి అనుకుంటే, తీగ తెగినప్పుడు అందుకోవడానికి మామూలు శ్రుతిలో మరొకటి తయారుగా ఉండాలి. ఫ్లాయిడ్ రోజ్ వంటి తేలే బ్రిడ్జి ఉన్న గిటారైతే అదనపుది తప్పనిసరి, ఎందుకంటే ఒక్క తీగ తెగితే స్ప్రింగుల లాగుడు తారుమారై మిగిలిన అయిదు తీగల శ్రుతీ చెడిపోతుంది. పెట్టెలు చలిలోంచి వెచ్చని హాలులోకి వచ్చినప్పుడు తొందరపడి తెరవకండి. లోపలి వాద్యం మెల్లగా వేడెక్కాలి, లేకుంటే పాత నైట్రో లాకర్ పూత సన్నగా చిట్లుతుంది. కేబుళ్లు ఆరు మీటర్లకు మించకుండా చూసుకోండి. అంతకన్నా పొడవైతే బఫర్ (సిగ్నల్‌ను బలపరిచే సర్క్యూట్) లేని గిటారులో పై పౌనఃపున్యాలు అరిగిపోయి నాదం మసకబారుతుంది.

మానిటర్ డెస్కు

తీగల మరమ్మతు గారి లెక్కను చాలావరకు ఒప్పుకుంటూనే ఒక సవరణ చేస్తాను. టూరులో కచేరీలు పాడయ్యేది ఎక్కువగా ఆంప్‌ల వల్ల కాదు, వాయించేవారికి తమ వాయింపు తమకు వినబడకపోవడం వల్ల. ఆంప్‌కు పెట్టే ఖర్చులో కొంత తగ్గించుకుని అయినా సరే, మీ సొంత మానిటర్ ర్యాక్‌ను వెంట ఉంచుకోమని నా సలహా.

ర్యాక్‌లో ఉండేది ఇది. ఒక చిన్న డిజిటల్ మిక్సర్, ఒక స్ప్లిట్టర్, చెవి మానిటర్ల ట్రాన్స్‌మిటర్లు. ప్రతి మైకు, ప్రతి డీఐ బాక్సు (వాద్యాన్ని నేరుగా మిక్సర్‌కు కలిపే పెట్టె) తీగ ముందు మీ స్ప్లిట్టర్‌లోకి వస్తుంది. అక్కడ ప్రతి సిగ్నల్ రెండుగా చీలి ఒకటి మీ మిక్సర్‌కు, ఇంకొకటి నంబర్లు వేసిన తీగల కట్టగా హాలు సౌండ్ ఇంజనీరు దగ్గరకు వెళ్తుంది. అప్పుడు మీ చెవిలోని మిశ్రమం ఏ దేశంలోనైనా నిన్నటిదే అయి ఉంటుంది. ఉత్సవాల్లో ఒక బృందం దిగి మరొకటి ఎక్కడానికి ఇచ్చే వ్యవధి సాధారణంగా అరగంట లోపే. పూర్తి సౌండ్ చెక్‌కు తావే ఉండదు, ఒక్కొక్క తీగలో సిగ్నల్ వస్తోందో లేదో చూసుకోవడమే మిగులుతుంది. ర్యాక్ ఉన్నవారు ఆ అరగంటను ప్రశాంతంగా గడుపుతారు.

చెవి మానిటర్లు పెట్టుకున్నాక కొందరికి గాజు పెట్టెలో వాయిస్తున్నట్టు ఉంటుంది. ప్రేక్షకుల వైపు తిప్పిన రెండు మైకులను స్టేజీ అంచున పెట్టి, వాటి శబ్దాన్ని చెవుల్లోకి మాత్రమే పంపితే ఆ ఇబ్బంది తీరుతుంది. ట్రాన్స్‌మిటర్ ముందు, శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ ఉండి తీరాలి, ఎవరైనా పొరపాటున తీగ లాగేస్తే వచ్చే పేలుడు నేరుగా కర్ణభేరి మీద పడకూడదు.

మీ గాయనికి సొంత మైకు ఉండాలనడానికి శుభ్రత ఒక కారణం, స్టేజీ మీది స్పీకర్లు రెండో కారణం. షూర్ ఎస్ఎం58 మైకు 1966 నుంచి స్టేజీల మీద ఉంది. దానికి వెనక వైపు నుంచి వచ్చే శబ్దం అతి తక్కువగా వినబడుతుంది, కనుక మానిటర్ స్పీకర్‌ను మైకుకు సరిగ్గా ఎదురుగా, గాయని కాళ్ల ముందు పెడతారు. బీటా 58 వంటి సూపర్ కార్డియాయిడ్ (మరింత ఇరుకుగా వినే) మైకుకు బధిరస్థానం, అంటే శబ్దం అతి తక్కువగా వినబడే చోటు, సరిగ్గా వెనక కాదు, వెనక రెండు పక్కలా ఉంటుంది. దానికి రెండు స్పీకర్లను చెరో పక్కగా పెట్టాలి. ఈ తేడా తెలియకుండా మైకు మారిస్తే నిన్నటిదాకా నిశ్శబ్దంగా ఉన్న స్టేజీ ఇవాళ స్పీకర్ శబ్దం మైకులోకి తిరిగి దూరి కూత పెడుతుంది. గాయకులు మైకు జాలీని గుప్పిట్లో మూస్తే రెండు రకాలూ ఒకే రకంగా కూస్తాయి, అది వేరే సంగతి.

ఈ కూత బెడద ఎంతటిదో చెప్పడానికి గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం 1974లో వాడిన వాల్ ఆఫ్ సౌండ్ మంచి ఉదాహరణ. సుమారు 75 టన్నుల ఆ స్పీకర్ల గోడ వాయించేవారి వెనకే ఉండేది, అంటే హాలుకూ వారికీ అదే మానిటర్. ఆ శబ్దమంతా తిరిగి మైకులోకి దూరకుండా ఒక్కో గాయకుడికి రెండేసి మైకులు జతచేసి, ఒకదానికొకటి వ్యతిరేక ఫేజులో (ఒకదాని తరంగం రెండోదానికి తలకిందులుగా ఉండేలా) కలిపారు. రెండింటికీ సమంగా చేరే గోడ శబ్దం రద్దయిపోయేది, పై మైకులోకి మాత్రమే పాడిన గొంతు నిలిచేది. ఉపాయం చక్కనిదే గానీ మోత ఖర్చు తాళలేక అదే ఏడాది చివరికి దాన్ని విరమించుకున్నారు.

వైర్‌లెస్ విషయంలో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. మొదటిది చట్టం: ఒక దేశంలో అనుమతించిన పౌనఃపున్యాలు పక్క దేశంలో మొబైల్ సంస్థలవి కావచ్చు. అమెరికాలో 600 మెగాహెర్ట్జ్ పట్టీలో చాలా భాగాన్ని వేలంలో అమ్మేశాక 2020 జూలై నాటికి వైర్‌లెస్ మైకులు అక్కడి నుంచి ఖాళీ చేయాల్సి వచ్చింది. పాత సెట్లు ఇంకా అమ్మకానికి తిరుగుతున్నాయి, చవకగా దొరికిందని కొనకండి. రెండోది గణితం. 500.0, 500.6 మెగాహెర్ట్జ్‌ల మీద రెండు ట్రాన్స్‌మిటర్లు పక్కపక్కన పనిచేస్తే 499.4 దగ్గర, 501.2 దగ్గర లేని సిగ్నళ్లు పుడతాయి. మీ మూడో సెట్టు ఖర్మకాలి 501.2 మీద ఉంటే గరగరమంటుంది. అందుకే పౌనఃపున్యాలను సమాన దూరాల్లో పేర్చకూడదు, ఆ లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్‌నే నమ్మాలి. స్టేజీ చిన్నదైతే గిటార్లకు మామూలు కేబులే పెట్టుకోమంటాను.

డిజిటల్ పరికరాలను వరుసగా తగిలిస్తే ఆలస్యం పెరుగుతుందన్న భయం కొంత నిజమే. వైర్‌లెస్, మోడలర్, మిక్సర్ ఒక్కొక్కటి రెండు మూడు మిల్లీసెకన్లు తింటాయి. అయితే శబ్దం గాలిలో మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లే నడుస్తుంది, కనుక ఆంప్‌కు మూడు మీటర్ల దూరంలో నిలబడ్డవారు ఎటూ తొమ్మిది మిల్లీసెకన్లు ఆలస్యంగానే వింటారు. గిటారిస్టుకు ఇది పట్టదు. గాయని మాత్రం తన గొంతును ఎముకల ద్వారా వెంటనే వింటుంది కాబట్టి ఆమె మైకు దారిలో డిజిటల్ మెట్లు వీలైనంత తగ్గించండి.

కిక్కు పెడలు

డ్రమ్మరు ఏది ఇస్తే అది వాయిస్తానన్న మాటను నమ్మకండి, నేనూ డ్రమ్మరునే. డొల్లలు అద్దెవి కావచ్చు. స్నేర్, సింబల్స్, హై-హ్యాట్ క్లచ్, కిక్ పెడల్, వీలైతే స్టూలు మాత్రం సొంతవి కావాలి. చాలా ఉత్సవాల్లో మొత్తం వరుసకూ ఒకే డ్రమ్ సెట్టు ఉంచి, ఈ విరిగే సామానును మాత్రం ఎవరిది వారే తెచ్చుకోమంటారు. రైడర్‌లో డ్రమ్ముల వ్యాసాలతో పాటు కొత్త చర్మాలు వేసి ఉంచాలన్న వాక్యం రాయండి. అది లేకపోతే నిన్నటి బృందం గుంటలు పడేలా కొట్టిన చర్మాల మీదే మీరు వాయించాలి.

ఒక చాప లాంటి గట్టి కార్పెట్టును చుట్టి వెంట తీసుకెళ్లమనండి. దాని మీద ప్రతి స్టాండు కాలు నిలబడే చోట రంగు టేపు ముక్క అతికించి ఉంటే, పెడల్ ఎక్కడ, ఫ్లోర్ టామ్ ఎక్కడ అని వెతుక్కోకుండా అద్దె సెట్టు కూడా కొద్ది నిమిషాల్లో అలవాటైన కొలతల్లోకి వస్తుంది. స్టాండుల గొట్టాల మీద ఎత్తులు గుర్తుపెట్టడానికి మెమరీ లాకులు ఉంటాయి గానీ అవి మన సొంత స్టాండులకే పనికొస్తాయి.

మీరు క్లిక్కుతో (చెవిలో తాళం వేసే టిక్ టిక్ శబ్దంతో), ముందే రికార్డు చేసిన ట్రాకులతో వాయించేటట్లయితే లాప్‌టాప్‌లు రెండు ఉండాలి. రెండూ ఒకేసారి నడుస్తుంటాయి. మొదటిది పంపే ఒక ఎడతెగని సంకేత స్వరాన్ని స్విచ్చర్ వింటూ ఉంటుంది, అది ఆగిన క్షణాన రెండోదానికి మారిపోతుంది. ఆ స్వరం మిక్సర్‌కు వెళ్లే తీగల్లోకి పొరపాటున కూడా చేరకుండా చూసుకోండి.

ఆరోతీగ

ఇంత వివరంగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. మానిటర్ ర్యాక్ మాట మాకు తట్టనే లేదు. గిటారిస్టు హెడ్డు తెచ్చుకుని, క్యాబినెట్ అద్దెకు తీసుకోవడానికి దాదాపు ఒప్పుకున్నాడు. ఇక మిగిలింది కరెంటు సంగతి. ఆ హెడ్డు 230 వోల్టులది, మేము వెళ్లే దేశాల్లో 120 వోల్టులవీ ఉన్నాయి. కీబోర్డు వాయించే ఆవిడకు ఒక పాత హ్యామండ్ టోన్‌వీల్ ఆర్గన్ అమ్మకానికి కనబడింది, అది 60 హెర్ట్జ్ కోసం తయారైనది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఎక్కడైనా వాడుకోవచ్చా? సరిహద్దుల్లో సామగ్రిని ఆపకుండా ఏయే కాగితాలు కావాలి?

ఎర్తు తీగ

ఆర్గన్ కొనకమునుపే అడిగారు, సంతోషం. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మాత్రమే మారుస్తుంది, పౌనఃపున్యాన్ని మార్చదు. టోన్‌వీల్ ఆర్గన్‌లో స్వరాలు పుట్టించే చక్రాలను తిప్పే మోటారు కరెంటు పౌనఃపున్యంతో అడుగు కలిపి నడుస్తుంది. 60 హెర్ట్జ్ యంత్రాన్ని 50 హెర్ట్జ్ దేశంలో తగిలిస్తే ప్రతి స్వరమూ ఆరింట అయిదో వంతుకు పడిపోతుంది, అంటే సి మీట నొక్కితే దాని కింది ‘ఏ’ స్వరానికి దగ్గరగా పలుకుతుంది. దాన్ని సరిచేసే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, ఒక్కరు ఎత్తలేని వాద్యానికి ఇంకో బరువు తోడవుతుంది. డిజిటల్ ఆర్గన్ వెంట పెట్టుకుని, తిరిగే స్పీకర్ లెస్లీని మాత్రం అక్కడే అద్దెకు అడగండి. వినేవారికి ఆర్గన్ అనిపించే గుణంలో చాలా భాగం ఆ తిరుగుడులోనే ఉంది.

గిటారిస్టు హెడ్డు వెనక వోల్టేజీ సెలెక్టర్ ఉందేమో చూడండి. ఉంటే స్విచ్చుతో పాటు ఫ్యూజు విలువ కూడా మార్చాలి, 120 వోల్టుల దగ్గర అదే ఆంప్ దాదాపు రెట్టింపు కరెంటు లాగుతుంది. సెలెక్టర్ లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు, దాని సామర్థ్యం ఆంప్ వెనక రాసిన వాట్ల కన్నా బాగా ఎక్కువ ఉండాలి. వంద వాట్ల ఆంప్ గోడ నుంచి తీసుకునేది వంద కన్నా చాలా ఎక్కువ. మోడలర్లు, మిక్సర్లు, ట్రాన్స్‌మిటర్లలో ఎక్కువ భాగం 100 నుంచి 240 వోల్టుల దాకా వాటంతట అవే సర్దుకుంటాయి. అయినా ప్రతి అడాప్టర్ మీది ముద్ర ఒకసారి చదివి, ఏది దేనిదో చీటీ అతికించండి.

హమ్మింగ్ వచ్చిందని ఎవరైనా ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేయబోతే చేయి పట్టి ఆపండి. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ గిటారిస్టు లెస్ హార్వే, ఎర్తింగ్ సరిగా లేని వేదిక మీద మైకును తాకి అక్కడికక్కడే చనిపోయాడు. హమ్ వదిలించడానికి డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉంది, అది సిగ్నల్ దారిని మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్తును ముట్టుకోదు. ఆరుబయట జనరేటర్ మీద నడిచే వేదికల్లో గిటారు తీగకూ మైకు జాలీకీ మధ్య మీటరు పెట్టి వోల్టేజీ కొలిచాకే గాయనిని మైకు ముందుకు పంపండి.

కాగితాల్లో ముఖ్యమైనది ఏటీఏ కార్నే. 1961 నాటి ఒప్పందం కింద జారీ అయ్యే ఈ పత్రం గరిష్ఠంగా ఏడాది చెల్లుతుంది. తాత్కాలికంగా తెచ్చి తిరిగి తీసుకుపోయే సామానుకు సభ్యదేశాల్లో సుంకం కట్టనక్కర్లేకుండా చేస్తుంది. అందులో ప్రతి వస్తువునూ సీరియల్ నంబరు, బరువు, విలువతో సహా రాయాలి, ప్రతి సరిహద్దులో రాకకూ పోకకూ ముద్ర వేయించాలి. చెక్క సంగతి కూడా చూడండి. రోజ్‌వుడ్ జాతులన్నింటినీ 2017 జనవరిలో సైటీస్ (అంతరించిపోయే జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో చేర్చినా, తయారై పూర్తయిన వాద్యాలకు 2019 నవంబరు నుంచి మినహాయింపు ఇచ్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు మాత్రం ఆ మినహాయింపు లేదు, అది 1992 నుంచి మొదటి అనుబంధంలోనే ఉంది. మీ గిటార్లలో ఏదైనా పాతదై, ఫింగర్‌బోర్డు ఆ చెక్కదైతే వాద్య ధ్రువపత్రం తీసుకోండి, లేదా దాన్ని ఇంట్లో ఉంచి వేరేది పట్టుకెళ్లండి. తీగలు, బ్యాటరీలు, టేపు వంటి వాడి పారేసేవి, కచేరీ దగ్గర అమ్మే టీషర్టులు కార్నే పరిధిలోకి రావు. టీషర్టులకు ఏ దేశానికి ఆ దేశంలో విడిగా సుంకం కట్టుకోవాలి. అదనపు లిథియం బ్యాటరీలను సామాను పెట్టెల్లో వేయకుండా విమానం క్యాబిన్‌లోనే వెంట ఉంచుకోండి.